తేమకు పైన ఒక టెలిస్కోపు

పూండి స్టేషన్‌లో రైలు దిగినవాడికి తేమ గురించి వేరే చెప్పనక్కర్లేదు, ఒంటికంటుకున్న చొక్కాయే చెబుతుంది. ఉద్దానం తోటలకు అలవాటైన ఈ సముద్రపు గాలి ఇన్‌ఫ్రారెడ్ ఖగోళశాస్త్రానికి మాత్రం బద్ధశత్రువు.

పుష్యమాసంలో పొద్దుగూకాక తూర్పున వరసగా కనిపించే మూడు చుక్కల పక్కనే మసక మచ్చలా ఉండేది ఓరియన్ నెబ్యులా. దూరం సుమారు 1,300 కాంతి సంవత్సరాలు. అక్కడ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. చుట్టూ ఉన్న ధూళి వాటి వెలుగును మింగి, వేడెక్కి, ఇన్‌ఫ్రారెడ్ కిరణాలుగా వదులుతుంది. వేడెక్కడం పేరుకే, అందులో చాలా భాగం మైనస్ 200 డిగ్రీల కంటే చల్లగానే ఉంటుంది. అంత చలిధూళి వదిలే కిరణాలను మన గాలిలోని నీటి ఆవిరి దారిలోనే పీల్చేస్తుంది.

అందుకే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు హైదరాబాద్‌లోని తమ బెలూన్ కేంద్రం నుంచి, మీటరు వ్యాసం అద్దమున్న టెలిస్కోపును సుమారు 30 కిలోమీటర్ల ఎత్తుకు ఎగరేశారు. ఆ కిరణాలను పసిగట్టే బోలోమీటర్లను 0.3 కెల్విన్‌కు చల్లబరిచారు.

అయినా చిక్కు తీరదు. టెలిస్కోపూ, పైన మిగిలిన కాస్త గాలీ కూడా ఇన్‌ఫ్రారెడ్‌ను వెదజల్లుతూనే ఉంటాయి. కాబట్టి టెలిస్కోపులోని చిన్న అద్దాన్ని గబగబా ఊపుతూ నెబ్యులానూ, పక్కనున్న ఖాళీ ఆకాశాన్నీ మార్చి మార్చి చూసి, రెండోదాన్ని తీసేస్తారు. పలాస కాటా దగ్గర జీడిపిక్కల లారీని తూచి, ఖాళీ లారీ బరువు తీసేసినట్టే. ఈ కాలమ్ రాసేవాడికి ఎక్కువ ముచ్చటేసేది ఈ తీసివేతే.

2000లో అచ్చయిన వారి ఓరియన్ పటాలు 138, 205 మైక్రాన్ల తరంగదైర్ఘ్యాల దగ్గర గీసినవి. 25 కెల్విన్ కంటే చల్లని ధూళి ఎక్కడుందో వెతకడమే వాటి పని. ఆ తరంగదైర్ఘ్యాలు 2021లో ఎగిరిన జేమ్స్ వెబ్ టెలిస్కోపుకూ అందవు, దాని చూపు సుమారు 28 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతుంది.

పని ముగిశాక బెలూన్ సరంజామా పారాచూట్‌తో ఎవరి చేలోనో దిగుతుంది. బాగుచేసి మళ్లీ ఎగరేయాలి మరి. 2022 డిసెంబరులో హైదరాబాద్ బెలూన్ మోసిన వేరే ప్రయోగపు గుళిక వికారాబాద్ జిల్లా పొలాల్లో దిగితే జనం చూడ్డానికి పరుగెత్తారు. మీ చేలో అలాంటి పెట్టె పడితే చూడండి, ఫొటోలు తీసుకోండి. తీగ ముక్క కూడా కోయకుండా పోలీసు స్టేషన్‌కు కబురు చెప్పండి.