కుండను కొట్టి చూడనివ్వాలి

కోసపాళయం పేరులోనే కుమ్మరి ఉన్నాడు. తమిళంలో కుయవర్ అన్నా, వాడుకలో కొసవర్ అన్నా కుమ్మరులే. పుదుచ్చేరిలో ఈ పేటను కుయవర్‌పాళయం అని కూడా రాస్తారు. కుండ కొనేవాళ్ళ పద్ధతి మాత్రం ఏ ఊళ్ళోనైనా ఒకటే. అంచును ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వేలి కణుపుతో పొట్ట మీద కొట్టి, చెవి దగ్గర పెట్టుకుంటారు. ఖంగుమంటే బాగా కాలిన కుండ. బొంగురుగా పలికితే ఎక్కడో సన్నటి పగులుంది. అమ్మే మనిషి ఎంత చెప్పినా ఆ చప్పుడు చెప్పినంత చెప్పలేడు. రాత సంగతీ అంతే. సొంత బ్లాగుకు పాఠకులను వెతుక్కునే తెలుగువాళ్ళు ఈ మధ్య ఆన్‌లైన్ ప్రకటనల వైపు చూస్తున్నారు. నలుగురూ నడిచే దారి వదిలి, కొత్త రకం ప్రకటనలతో ప్రయోగాలు చేయాలన్న ఉత్సాహమూ కనిపిస్తోంది. ఆ ఉత్సాహం మంచిదే. అయితే ప్రయోగం ప్రకటన పెట్టే చోటు గురించో, బొమ్మ గురించో, రంగు గురించో అయితే డబ్బు దండగ. చదివేవాడు కుండను కొట్టి చూసుకునే వీలు ప్రకటనలోనే ఉండాలి. అంటే రాతకు ప్రకటన రాతే కావాలి. ఈ వారం నా వాదన ఇదే.

ముందు, నలుగురూ నడిచే దారి ఎందుకు పనికిరాదో చూద్దాం. వెబ్‌లో తొలి బ్యానర్ ప్రకటనల్లో బాగా పేరుపడ్డది 1994 అక్టోబరు 27న హాట్‌వైర్డ్ అనే అమెరికన్ వెబ్ పత్రికలో వచ్చిన ఏటీ అండ్ టీ కంపెనీ ప్రకటన. దాన్ని చూసినవాళ్ళలో 44 శాతం మంది నొక్కారని చెబుతారు. కొత్త వింత కదా. తర్వాతి ఏళ్ళలో అలాంటి బ్యానర్లను నూటికి ఒక్కరు నొక్కడమే గగనమైంది. 1998లో రైస్ విశ్వవిద్యాలయంలో బెన్‌వే, లేన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. వెతుకుతున్న సమాచారాన్నే పెద్ద రంగురంగుల బ్యానర్లో పెట్టి చూపించినా, మనుషులు దాన్ని చూడకుండా దాటుకుని కిందికి వెళ్ళిపోయారు. బ్యానర్ అంధత్వం అన్న మాట అప్పటిది. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేదాన్నే కన్ను వదిలేస్తుందంటే, ఆ కన్ను ఏదో చదవడానికి వచ్చిందన్నమాట. మనకు కావలసింది సరిగ్గా ఆ కన్నే.

తెలుగు సంగతి ఇంకొంచెం ఇరుకు. గూగుల్ తన ప్రకటనల వ్యవస్థలోకి తెలుగును చేర్చుకుంటున్నట్టు 2018 డిసెంబరులో హైదరాబాదులో ప్రకటించింది. హిందీకి ఆ వీలు 2014లోనే వచ్చింది. సరే, ఆలస్యంగానైనా తలుపు తెరుచుకుంది, లోపలికి వెళ్దాం. వెతుకులాట ఫలితాల పక్కన వచ్చే ప్రకటనలో ఒక్కో శీర్షికకు ముప్పై అక్షరాలు, వివరణకు తొంభై. ఆ కొలత పుట్టింది ఇంగ్లీషు అక్షరాల లెక్కలో. మనకు ‘స్త్రీ’ ఒక్క అక్షరం. యూనికోడ్ సంకేతాల లెక్కలో అది ఆరు: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘం. ‘పుదుచ్చేరి’ ఆ లెక్కన పది. ‘కోసపాళయం, పుదుచ్చేరి’ అని ఊరి పేరు రాసేసరికి ఇరవై సంకేతాలు ఖర్చు. మిగిలిన పదిలో మనిషి తన రాత గురించి ఏం చెప్పగలడు? ‘మంచి కథలు’ అనగలడు, అంతే. మంచి కథలు అని ఎవరు అనరు?

ఇక ఎవరికి చూపించాలన్నది రెండో చిక్కు. ప్రకటనల యంత్రానికి వృత్తం గీయడం బాగా వచ్చు. కోసపాళయాన్ని నడిమధ్యన పెట్టి పాతిక కిలోమీటర్ల వృత్తం గీస్తే, తమిళం చదివే కడలూరు అందులో పడుతుంది. తెలుగు చదివే యానాం పడదు. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోదే, తెలుగు అక్కడ అధికార భాషే. కానీ అది ఉన్నది రోడ్డు మీద ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, గోదావరి పాయ ఒడ్డున. పోనీ భాషను బట్టి ఎంచుకుందామంటే, తెలుగు హాయిగా చదివేవాళ్ళలో ఎంతోమంది ఫోన్లు ఇంగ్లీషులో నడుస్తాయి. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదువుకున్న పుదుచ్చేరి కుటుంబాలు ఇంకో రకం. వాళ్ళు తెలుగు వింటారు, చదవలేరు. వయసు, ఊరు, ఫోను రకం యంత్రానికి కనబడతాయి. ఫలానా మనిషి ఒక పేజీ తెలుగు వ్యాసం ముందు కుదురుగా కూర్చుంటాడా లేదా అన్నది అంత సులువుగా కనబడదు. మనం కొనాలనుకుంటున్నది ఆ ఒక్కటే.

నలుగురూ నడవని దారి ఎలా ఉంటుందో చెప్పడానికి తెలుగువాళ్ళకు విదేశీ ఉదాహరణ అక్కర్లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం మొదలుపెట్టారు. దాన్ని జనంలోకి తీసుకెళ్ళడానికి ఆయన పట్టుకున్న చోటు సంగీత కచేరీ. కచేరీకి వచ్చినవాళ్ళకు మందును ఉచితంగా పంచారు. ఆ ఎంపికలో ఎంత తెలివి ఉందో నిదానంగా చూడాలి. కచేరీకి వచ్చినవాళ్ళు గంటల తరబడి ఒకేచోట కూర్చుంటారు. తొందరలో ఉన్నవాళ్ళు కారు. ఒకరు నుదుటికి రాసుకుంటే ఆ వాసన పక్కవాళ్ళకు అందుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆయన పంచింది మందు గురించిన కాగితం కాదు, మందే. తలనొప్పి తగ్గిందో లేదో ఆ మనిషికే తెలుస్తుంది, ఇంకెవరూ చెప్పక్కర్లేదు. అలా వచ్చిన డబ్బు అండతోనే 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా పుట్టింది, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. మన పత్రికా రచన చరిత్రలో ఒక పెద్ద అధ్యాయం వెనక ఒక నమూనా సీసా ఉందన్నది నాకెప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఈ వెలుగులో వెబ్‌లో జరిగిన వింత ప్రయోగాలను చూస్తే ఏది నిలిచిందో, ఏది ఎందుకు నిలవలేదో తెలుస్తుంది. 2005లో ఇంగ్లండు కుర్రవాడు అలెక్స్ ట్యూ ఒక పేజీని పది లక్షల చుక్కలుగా కోసి, చుక్క ఒక డాలరుకు అమ్మాడు. నెలల్లో మొత్తం అమ్ముడుపోయాయి. అది గొప్ప ఊహే. కానీ లాభం అమ్మినవాడిది. పది చుక్కల వెడల్పు, పది చుక్కల ఎత్తు ఉన్న గడి కొన్నవాడికి దక్కింది చీమతలంత బొమ్మ. జనం ఆ పేజీని చూడ్డానికి వచ్చారు, అందులోని గడుల కోసం రాలేదు. దీనికి పూర్తిగా భిన్నమైనది 2006లో కెనడాకు చెందిన బొమ్మల కథల రచయిత ర్యాన్ నార్త్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ వండర్‌ఫుల్. అక్కడ నొక్కుకు ఇంత అని కాదు, రోజుకు ఇంత అని వేలం. ఎవరు ఎక్కువ పాడితే ఆ చోటు వాళ్ళది, ఇంకెవరూ పాడకపోతే ఏమీ ఇవ్వకుండానే ప్రకటన నిలిచేది. ముఖ్యంగా బొమ్మల కథలు గీసేవాళ్ళు ఒకరి పేజీలో ఒకరు చోటు కొనుక్కున్నారు. బొమ్మ గీసేవాడి ప్రకటన అతని బొమ్మే కనుక, చూసినవాడికి గీత నచ్చిందో లేదో అక్కడికక్కడే తేలిపోయేది. కుండ మోగేది. చిన్న రచయితల మధ్య ఆ పద్ధతి పన్నెండేళ్ళు బతికి, 2018లో మూతపడింది.

మూతపడింది కాబట్టి ఆ దారి తప్పనే వాదన ఒకటుంది. నేను ఒప్పుకోను. ఆ సంస్థ మూతపడే నాటికి జనం విడివిడి సైట్లకు వెళ్ళడం మాని, రెండు మూడు పెద్ద వేదికల లోపలే రోజంతా గడపడానికి అలవాటుపడ్డారు. బజారు వేరే వీధికి మారితే పాత వీధిలో కుండలు పగుళ్ళవి అని అర్థం కాదు. తెలుగులోనూ ఇదే జరిగింది. 2006 ప్రాంతంలో వీవెన్ అనే బ్లాగరు లేఖినినీ, కూడలినీ తెచ్చారు. లేఖినితో తెలుగు రాయడం చేతికి వచ్చింది. బ్లాగుల సంకలిని కూడలిలో కొత్త టపాలన్నీ ఒక్కచోట వరసగా కనిపించేవి. ఆ తర్వాత జల్లెడ, హారం, మాలిక వచ్చాయి. ఆ సంకలినుల్లో టపా పేరుతో పాటు మొదటి రెండు మూడు వాక్యాలు కనిపించడమే అసలు ప్రకటన. పైసా ఖర్చు లేదు. మొదటి వాక్యం బాగుంటే లోపలికి వచ్చేవాళ్ళు, లేదంటే కిందికి జరిగేవాళ్ళు. ఈ-తెలుగు సంఘం వాళ్ళు ఇంకో అడుగు వేసి హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, కంప్యూటర్‌లో తెలుగు గురించి, బ్లాగుల గురించి కరపత్రాలు పంచారు. తెరమీది రాతకు పుస్తకాల సంతలో ప్రచారమేమిటని ఆనాడు కొందరికి తోచి ఉండొచ్చు. నాకు మాత్రం అది అమృతాంజనం కచేరీ లాంటి ఎంపికే అనిపిస్తుంది. టికెట్టు కొనుక్కుని పుస్తకాల మధ్య తిరిగే మనిషి చదువరి అని ఏ యంత్రమూ లెక్కకట్టి చెప్పక్కర్లేదు.

అందరికన్నా గౌరవంగా జవాబివ్వాల్సింది ఇంకొకరికి. మంచి రాతకు ప్రకటన అక్కర్లేదు, దాని పాఠకులను అదే వెతుక్కుంటుంది అనేవాళ్ళు ఉన్నారు. ఈ మాటను పుదుచ్చేరిలో కూర్చుని అనడం కష్టం. ఫ్రెంచి గవర్నరు డూప్లేకి దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్ళై 1736 నుంచి దాదాపు చనిపోయేదాకా, అంటే 1761 దాకా, తమిళంలో దినచర్య రాసుకున్నాడు. ఓడల రాకపోకలు, సరుకుల ధరలు, కోట లోపలి మంతనాలు, ఇంటి శుభాశుభాలు అన్నీ అందులో ఉన్నాయి. దక్షిణ భారతంలో అంతటి సొంత రాత ఆ కాలానికి మరొకటి చూపించడం తేలిక కాదు. అది బయటివాళ్ళ కంటపడింది 1846లో, గల్వా మోంబ్రన్ అనే ఫ్రెంచి అధికారి వల్ల. అంటే రచయిత పోయిన ఎనభై అయిదేళ్ళకు. ఇంగ్లీషులో పన్నెండు సంపుటాలు వెలువడడానికి 1904 నుంచి 1928 దాకా పట్టింది. మధ్యలో కొన్ని భాగాలు దొరకనే లేదు. ఆ రాత తన పాఠకులను తానే వెతుక్కుందని ఎలా అంటాం? ఒక మనిషి దాన్ని వెతికి పట్టుకున్నాడు. అదే పిళ్ళై పేరు మీద కస్తూరి రంగకవి తెలుగులో ఆనందరంగరాట్ఛందము అని లక్షణ గ్రంథమే రాశాడు. ఛందస్సు నేర్చుకునేవాడు పద్యాల గురించి చదువుతూ పిళ్ళై పేరును వెంట మోసుకుపోతాడు. పేరు నిలపడానికి ఆ కాలం కనిపెట్టిన దారి అది. అందులోనూ పేరు ప్రయాణం చేసింది రాత మీదే.

సొంత రాతకు డబ్బిచ్చి ప్రకటన వేసుకోవడం సొంత డబ్బా కాదా అన్నది మరో సంకోచం. గొప్పలు చెప్పుకుంటే సొంత డబ్బానే. తన రాతలోంచి పేరా ఒకటి పెట్టి పక్కకు తప్పుకుంటే కాదు. తేడా అక్కడే ఉంది. ‘తప్పక చదవాల్సిన బ్లాగు’ అనేది తీర్పు, దాన్ని రచయిత ఇవ్వకూడదు. నూటయాభై మాటల పేరా సాక్ష్యం, తీర్పు పాఠకుడిది. ఇంతకన్నా గట్టి హద్దు ఇంకొకటి గీయాలి. కొత్త దారి పేరుతో పిలవని చోట జొరబడడం ప్రయోగం కాదు. ఎక్కడ పడితే అక్కడ లింకులు అంటించే జబ్బు ఎంత ముదిరిందంటే, అలాంటి లింకులను లెక్కలోకి తీసుకోకుండా వదిలేసే ఏర్పాటును 2005లో వెతుకులాట యంత్రాలు తెచ్చాయి, 2007లో వికీపీడియా తన బయటి లింకులన్నిటికీ దాన్ని తగిలించింది. సంతాప సందేశాల మధ్య, పెళ్ళిళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తన టపా లింకు పడేసేవాడు పాఠకుణ్ణి సంపాదించుకోడు, ఉన్న మర్యాద పోగొట్టుకుంటాడు. గోడల మీద కాగితాలు అంటించడం గురించి ఫ్రెంచివాళ్ళు చేసుకున్న 1881 జులై 29 చట్టమే వాళ్ళ పత్రికా స్వేచ్ఛ చట్టం కూడా. పుదుచ్చేరి లాంటి వలస ప్రాంతాలకూ అది వర్తించేది. అచ్చువేసే స్వేచ్ఛనూ అంటించే హద్దునూ ఒకే కాగితం మీద రాసుకోవడం నాకు సబబుగా తోస్తుంది.

ఒక అభ్యంతరానికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. పేరా మొత్తం ప్రకటనలోనే పెడితే, దాన్ని అక్కడే చదివేసి వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువే ఉంటారు. పెద్ద వేదికలు బయటికి తీసుకుపోయే లింకుకు పెద్దగా ఆదరణ ఇవ్వవు కూడా. నిజమే. కచేరీలో మందు రాసుకున్నవాళ్ళందరూ మర్నాడు సీసా కొనలేదు. కానీ వెళ్ళిపోయినవాడు చదివి వెళ్ళాడు. బ్యానర్ నొక్కి మూడు సెకన్లలో వెనక్కి వెళ్ళినవాడు చదవకుండా వెళ్ళాడు. సొంత బ్లాగుకు లక్షమంది అక్కర్లేదు. వారం వారం వచ్చే అరవైమంది ఉంటే రాసేవాడి చెయ్యి ఆగదు.

అందుకే ప్రయోగం చేసేవాళ్ళు నొక్కులు లెక్కపెట్టడం మాని, తిరిగి రావడాలు లెక్కపెట్టాలి. అది కష్టమైన పనేం కాదు. ఒక్కో చోట పెట్టే లింకు చివర ప్రశ్నార్థకం, దాని పక్కన ఒక గుర్తు చేరిస్తే చాలు, ఎవరు ఏ గుమ్మంలోంచి వచ్చారో తెలుస్తుంది. ఆ గుమ్మంలోంచి వచ్చినవాళ్ళలో ఎందరు ఉత్తరాల జాబితాలో చేరారో, ఎందరు తర్వాతి టపాకు జవాబు రాశారో నెలరోజులు రాసుకోవాలి. ఐదు వందల రూపాయలు ఉన్నాయనుకుంటే, సగం ప్రకటనల యంత్రం నడిపే వేలానికి, సగం మరో తెలుగు రచయిత పేజీలో నెలరోజుల చోటుకు ఇచ్చి రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకోవచ్చు. డబ్బే లేకపోతే మార్పిడి ఉంది. డిసెంబరు రెండో ఆదివారాన్ని తెలుగు బ్లాగుల దినోత్సవంగా జరుపుకునే అలవాటు మనకుంది. ఆ రోజు యానాంలో రాసే ఒకరు కోసపాళయంలో రాసే ఇంకొకరి పేరా ఒకటి తన పేజీ పక్కన పెట్టుకోవాలి, వీళ్ళు వాళ్ళది పెట్టుకోవాలి. పొగడ్త ఒక్క ముక్క కూడా ఉండకూడదు, పేరా, కింద పేరు, లింకు, అంతే. భోగి దాకా కదపకుండా ఉంచి, ఆ రోజు ఇద్దరూ తమ లెక్కలు బయట పెట్టాలి.