వార్తలలోని అమెరికా

మా పాఠశాల మాదాపూరునకు చేరువనున్నది. హైటెక్ సిటీలో పనిచేయు తండ్రులు పలువురు అమెరికా గడియారమును బట్టి రాత్రులు మేల్కొనియుందురు గనుక, ఆ దేశపు ఎన్నికలు, ఆటలు, సినిమాలు మా పిల్లలకు ఇంటి ముచ్చటలైనవి. మొన్న తొమ్మిదవ తరగతిలో బేబ్ రూతు పేరు చెప్పగా నలుగురు చేతులెత్తిరి. యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెప్పగా ఒక్క చేయియు లేవలేదు. వారిని నిందింపను. వారు విన్న వార్తలే అట్టివి.

వార్తయు ఒక విధమగు కావ్యమే. దానికిని నాయకుడు కావలెను, రంగము కావలెను. 1948 నాటి అమెరికా వార్తలను ఈ దృష్టితో చూచిన నా మాట విశదమగును. ఆ వేసవిలో ట్రూమన్, డ్యూయీల యెన్నికల పోరు సాగుచుండెను. కమ్యూనిస్టు గూఢచారులను గూర్చిన విచారణ కాంగ్రెసు సంఘము ముందు జరుగుచుండెను. (ఆ పత్రికల దివ్యదృష్టి యెంతటిదో నవంబరులో తేలినది: ఓడిన డ్యూయీ గెలిచినట్లు చికాగో ట్రిబ్యూన్ మొదటిపుటనే ప్రకటించెను.) వీనితోపాటు ప్రజల మనసు నాకర్షించినది బేస్‌బాల్ వీరుడు రూతు అవసానదశ. జూన్ 13వ తేదిని యాంకీ స్టేడియమున ఆయన బ్యాటును ఊతగా గొని నిలువగా, నాట్ ఫీన్ వెనుకనుండి తీసిన ఛాయాచిత్రమునకు మరుసటి యేడు పులిట్జర్ బహుమానము వచ్చెను. ముఖము చూపకయే దుఃఖమును చూపు ఆ చిత్రము నిజముగ గొప్పది. జూలైలో ఆయన జీవితము చలనచిత్రమై వెలువడెను. ఆగస్టు 16న ఆయన కన్నుమూసెను.

ఇక నేపథ్యమునకు పోదము. రూతునకు ముక్కువెనుక భాగమున కాన్సరు. 1947 వేసవిలో న్యూయార్కు వైద్యుడు రిచర్డ్ లూయిసన్ ఆయనకు టెరోప్టెరిన్ అను క్రొత్త మందు నిప్పించెను. రోగి కొంతకాలము తేరుకొనెను. ఆ యేడే సెయింట్ లూయిస్ వైద్యసభలో ఈ వృత్తాంతము రోగి పేరు చెప్పకయే చదువబడినది. అది వైద్యమర్యాద. కాని క్రీడలపుట చెప్పు రూతుకథలో మందు చేసినవారి ఊసు అరుదు. చలనచిత్రము మాట చెప్పనేల? అందు వీరుడు క్రొత్త చికిత్సకు ఒడంబడుటయే ఘనకార్యము. ఆ చికిత్స ఆకాశమునుండి ఊడిపడినట్లుండును.

ఆ మందు పుట్టినది లెడర్లీ ప్రయోగశాలలో. అచ్చటి పరిశోధనాధ్యక్షుడు భీమవరమున పుట్టిన మన సుబ్బారావు. ఆయన 1895 జనవరిలో, రూతు ఫిబ్రవరిలో పుట్టిరి. ఇద్దరును యేబదిమూడేండ్ల ప్రాయముననే, 1948 ఆగస్టులో, వారము దినముల తేడాతో పోయిరి. ముందు పోయినవాడు సుబ్బారావు.

మన పత్రికలు ఆయనను మరచినవనుట సరికాదు. 1995లో తపాలాబిళ్ల వెలువడినది. అప్పుడప్పుడు వ్యాసములును వచ్చుచుండును. నా ఫిర్యాదు ఆ వ్యాసములమీదనే. వానిలో సుబ్బారావు మరియొక రూతు. ఒక్కడే అన్ని మందులను కనుగొనెను, లోకము గుర్తింపలేదు, నోబెల్ రాలేదు, అంతటితో సరి. ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేయుట ఒక పెద్ద బృందము పని. మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసినును రాబట్టినవాడు బెంజమిన్ డగ్గర్. ఎమినోప్టెరిన్ పసిపిల్లల రక్తకాన్సరును కొంతకాలమైన అణచగలదని చూపినవాడు బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్. ఈ పేర్లు చెప్పినంతమాత్రమున సుబ్బారావు తగ్గిపోడు. పరిశోధన యెట్లు జరుగునో చదువరికి తెలియును. ఆ మందుల కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేటును నేటికిని మన ఊరి వైద్యశాలలలో వాడుచున్నారు. అది యెట్లు పనిచేయునో ఒక పేరాలో వ్రాయుటకంటె నోబెల్ రాలేదని యేడ్చుట సులభము గాబోలు.

ఈ కథయంతయు చెప్పిన దినమున వెనుకబల్ల బాలుడొకడు లేచి, "మందు మొదట పనిచేసి తరువాత ఎందుకు పనిచేయలేదు సార్?" అని యడిగెను. సంస్కృతమును, ఇంగ్లీషును చదివిన నాకు ఉత్తరము తోచలేదు. ప్రక్కగదిలోని రసాయనశాస్త్రపు మాష్టరుగారిని పిలుచుకొని వచ్చితిని.