బిగువెక్కడ, వదులెక్కడ

కడియంలో కొండ లేదు. కడియపులంక వైపు వెళ్తే కనుచూపు మేరా నర్సరీలు, కాలువ గట్లు, వరిచేలు. అయినా ఎగరడం గురించి ఆలోచించడానికి మంచి చోటే. ఎండాకాలం మధ్యాహ్నం గద్దలు రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ పైపైకి పోవడం ఇక్కడ పెరిగినవాళ్లంతా చూసిందే. వేడెక్కిన నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంది, గద్ద దాని మీద తేలుతుంది. నీళ్లు నిలిచిన చేలో ఎండ వేడి చాలావరకు నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది, అందుకని అక్కడ గాలి అంత జోరుగా లేవదు. కోతలయ్యాక ఎండిన చేల మీద లేస్తుంది. మనిషి కింద వేలాడుతూ ఎగిరే, ఇంజను లేని రెక్క హ్యాంగ్ గ్లైడర్. దానికి ఆధారం కూడా ఆ గాలే. లేదంటే కొండవాలుకు తగిలి పైకి మళ్లే గాలి.

మిగిలిందంతా పనితనం. ఆ పనితనం గురించే నాలుగు మాటలు చెప్పాలని నా ఆశ.

అంటు కట్టే చెయ్యి ఎలాంటిదో కడియం వాళ్లకు చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ పట్టీ వదులైతే లోపలికి గాలి చేరి అంటు ఎండిపోతుంది, మరీ బిగిస్తే పసరు ఆడదు. హ్యాంగ్ గ్లైడర్ చేసేవాడి విద్య కూడా అదే. ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదులు ఉంచాలో తెలియడం.

ఈ సంగతి తెలియడానికి మనుషులకు చాలా ఏళ్లు పట్టింది. జర్మనీలో ఒట్టో లిలియంథాల్ 1891 నుంచి విల్లో కర్రలకు గుడ్డ కట్టి ఎగిరాడు. బెర్లిన్ దగ్గర నేల మన డెల్టాలాగే చదును. అందుకని 1894లో 15 మీటర్ల ఎత్తున దిబ్బ పోయించుకుని దాని మీంచి దూకేవాడు. ఆయన రెక్కలు చూడముచ్చటగా ఉంటాయి. కానీ భుజాలూ చేతులూ చట్రంలో బిగుసుకుపోవడంతో, అటూ ఇటూ ఊపడానికి కాళ్లూ నడుమూ మాత్రమే మిగిలేవి. 1896లో గాలి రెక్కను ఎత్తి నిలబెట్టేసినప్పుడు దాన్ని దించడానికి ఆ ఊపు చాల్లేదు. పడి చనిపోయాడు.

అమెరికాలో ఫ్రాన్సిస్ రొగాలో, భార్య గెర్‌ట్రూడ్ కలిసి 1948లో మెత్తటి రెక్క తయారుచేశారు. మొదటి నమూనా వంటింటి కర్టెన్ గుడ్డతో కుట్టినది. గాలి నిండితేనే ఆకారం వచ్చే రెక్క అది. ఆ దారిలోనే 1963లో ఆస్ట్రేలియాలోని గ్రాఫ్టన్ ఊళ్లో జాన్ డికెన్సన్ మరో అడుగు వేశాడు. జకరాండా పండుగలో పడవ వెనక ఎగరడానికి ఒక రెక్క చేసిపెట్టమని వాటర్‌స్కీ క్లబ్ వాళ్లు అడిగారు. దానికి ఆయన వాడింది అరటి గెలలకు తొడిగే ప్లాస్టిక్! అరటి పండించే మన కోనసీమ రైతుకు ఈ మాట వింటే ముచ్చటేస్తుంది. మనిషిని రెక్కకు బిగించకుండా కింద వేలాడదీసి, చేతికి త్రికోణం చట్రం ఇచ్చాడాయన. లిలియంథాల్‌కు దొరకని వదులు అదే. చట్రం కడ్డీని దగ్గరికి లాక్కుంటే ముక్కు దిగి వేగం పెరుగుతుంది, ముందుకు నెడితే తగ్గుతుంది. ఒళ్లు ఎడమకు జరిపితే రెక్క ఎడమకు తిరుగుతుంది.

ఇప్పటి గ్లైడర్‌ను దగ్గరగా చూడండి. విప్పి చుడితే వాహనం మీద కట్టుకుపోయే పొడవాటి సంచి, బరువు సుమారు 30 కిలోలు. పరిస్తే పది మీటర్ల రెక్క. గుడ్డ తెరచాపలకు వాడే పాలిస్టర్. చాలాచోట్ల కుట్టు తిన్నగా కాకుండా వంకరటింకరగా పోతుంది, గుడ్డ సాగినప్పుడు దారం తెగకుండా తనూ సాగడానికి. గుడ్డ సందుల్లోకి తోసే అల్యూమినియం బద్దలు ఒక్కొక్కటీ వేరు వేరు వంపు. కాగితం మీద గీసిన నమూనాపై పెట్టి ఆ వంపు సరిచూస్తారు. ఎడమ బద్దకూ కుడి బద్దకూ వంపులో తేడా వస్తే రెక్క ఒక పక్కకు లాగుతుంది.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది, రెక్క పైన నిలిచే స్తంభం నుంచి వెనక అంచుకు దిగే సన్నని తాళ్లు. ఎగురుతున్నంతసేపూ వదులుగా వేలాడుతూ పనిలేనట్టే కనిపిస్తాయి. ముక్కు నిలువునా కిందికి పడి గుడ్డలో గాలి పోతే, అప్పుడు బిగుసుకుని వెనక అంచును దిగనివ్వవు. దాంతో ముక్కు మళ్లీ పైకి లేస్తుంది. 1970ల తొలి గ్లైడర్లలో ఈ ఏర్పాటు లేక, అలాంటి డైవ్ నుంచి బయటపడలేక ప్రాణాలు పోయాయి. ఆ తాళ్ల విలువ తెలిసినవాడు వాటిని తేలిగ్గా చూడలేడు.

మన దేశంలో ఈ విద్యను కళ్లారా చూడాలంటే హిమాచల్ ప్రదేశ్‌లోని చిన్న కొండ ఊరు బీర్‌కు వెళ్లాలి. ధౌలాధార్ కొండల్లో సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉన్న బిల్లింగ్ నుంచి ఎగిరి, దాదాపు 900 మీటర్లు కిందనున్న బీర్‌లో దిగుతారు. 1980లలో హ్యాంగ్ గ్లైడర్లతో పేరు తెచ్చుకున్న ఆ కొండ మీద ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి పారాగ్లైడర్లే. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ పోటీ కూడా జరిగింది. పారాగ్లైడర్‌లో గట్టి చట్రం ఉండదు. గుడ్డ గదుల్లోకి ముందు నుంచి గాలి దూరి రెక్కవుతుంది, సన్నని తాళ్లు దాని ఆకారం నిలబెడతాయి. అక్కడ హిమాలయ రాబందులు ఏ చోట చుట్లు తిరుగుతున్నాయో చూసి పైలట్లు అటే పోతారు. మన గద్దలు చెప్పే పాఠమే.

మన కుర్రాళ్లు ఇప్పుడు బీర్‌కు బాగానే వెళ్తున్నారు. వెళ్లేవాళ్లకు ఒక మాట. ఫోటోలకు ముందు రెక్క చుట్టూ ఒకసారి నడవండి. కుట్టు చూడండి, తాళ్లు చూడండి, పైలట్‌కు లైసెన్సు ఉందో లేదో అడగండి. హ్యాంగ్ గ్లైడర్ ఎక్కేవాళ్లు పరుగు తీసే ముందు, ఒకరు రెక్క పట్టుకుంటే తాము కింద పూర్తిగా వేలాడి, తమ కొక్కెం రెక్కకు తగిలించి ఉందో లేదో సరిచూసుకుంటారు. దాన్ని తగిలించడం మరిచి దూకి చనిపోయినవాళ్లున్నారు. ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా, ఎంత తొందరలో ఉన్నా, ఆ తనిఖీ మానకూడదు.