నిడుగల్లులో కల్లు: ఒక దిద్దుబాటుపై విమర్శ

తుమకూరు జిల్లా పావగడ తాలూకా నిడుగల్లు ప్రాంతానికి చెందిన విద్యార్థి ఒకరు తమ పాత జవాబుపత్రాన్ని ఈమధ్య మాకు చూపించారు. ‘మా ఊరు’ అనే వ్యాసంలో ఈ రెండు వాక్యాలున్నాయి: “మా దుర్గం నిడుపైన కల్లు మీద ఉంది కాబట్టి నిడుగల్లు అని పేరు వచ్చింది. జాతరనాడు అందరూ దుడ్డు పోగుచేసి వచ్చినవాళ్ళకు ఊట పెడతారు.” దిద్దినవారు కల్లు, దుడ్డు, ఊట అనే మూడు మాటల చుట్టూ ఎర్రసిరాతో సున్నాలు చుట్టి, పక్కన “కన్నడం, తెలుగు మాటలు వాడవలెను” అని రాశారు. ‘కల్లు’ దగ్గర మరో ముక్క కూడా చేర్చారు: “కల్లు తాగునది. రాయి అని ఉండవలె.” మాటకొకటి చొప్పున మూడు మార్కులు పోయాయి.

మార్కుల సంగతి చిన్నది. ఆనాటి నుంచి ఇంట్లో మాట్లాడే మాట ఒక్కటి కూడా కాగితం మీద పెట్టలేదని ఆ విద్యార్థి చెప్పారు. తెలుగునాటికి వెలుపల తెలుగు చదువుకునే వారిలో ఈ జంకు చాలామందికి అనుభవమే. తాము మాట్లాడేది తెలుగు కాదేమో, సగం తెలుగేమో అన్న అనుమానం అది. అందుచేత ఈ దిద్దుబాటునే ఒక పాఠంగా తీసుకొని విమర్శించి చూడడం అవసరమనిపించింది. మూడు మాటలకూ ఒకే సిరాతో ఒకే తీర్పు ఇచ్చారు. కాని అవి మూడు వేర్వేరు కేసులు. ఒకదానిలో తీర్పు పూర్తిగా తప్పు, ఒకదానిలో సగం తప్పు, ఒకదానిలో ఒప్పు.

ముందుగా కల్లు. కన్నడంలో ‘కల్లు’ అంటే రాయి. తాగేది ‘కళ్ళు’. తమిళంలో కూడా రాయి ‘కల్’, తాగేది ‘కళ్’. అంటే ఇవి మొదటినుంచీ రెండు వేర్వేరు మాటలు. ఒకదానిలో ల, మరొకదానిలో ళ. బరో, ఎమెనోలు 1961లో ప్రచురించి 1984లో సవరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో వీటికి వేర్వేరు పద్దులున్నాయి. తెలుగులో తాగేదానిలోని ళ ల-గా మారింది. దానితో రెండు మాటలూ ఒకే రూపంలోకి వచ్చిపడ్డాయి. ఒకే రూపం రెండు బరువులు మోయడం కష్టం కనుక రాయి అనే అర్థానికి విడిమాటగా ‘రాయి’ స్థిరపడింది. కల్లు విడిగా నిలిచినప్పుడు తాగేదానికే మిగిలింది.

అయితే రాయి అర్థంలో కల్లు తెలుగును విడిచి పోయిందా? పోలేదు. సమాసాల్లోకి జరిగింది, అంతే. పెళ్ళిలో వధువు చేత తొక్కించేది సన్నికల్లు. సముద్రపు ఉప్పు గడ్డ ఉప్పుగల్లు. రాళ్ళ ఉప్పుకు కల్లుప్పు అనే పేరూ ఉంది. గుంతకల్లు పేరు చెప్పినప్పుడు తాగేది ఎవరికీ గుర్తుకు రాదు. ఇవన్నీ తెలుగువాళ్ళు నిత్యం వాడే మాటలే. సన్నికల్లును కన్నడమని కొట్టివేయడానికి ఏ పరీక్షకుడూ సాహసించడు. మరి నిడుగల్లులోని కల్లు మాత్రం కన్నడమెలా అయింది?

ఆ పేరులోని తొలి భాగాన్ని కూడా చూద్దాం. ‘నిడు’ అంటే పొడవైన, ఎత్తైన అని అర్థం. నిడివి, నిడుపు, నిడుద అనే మాటల్లో ఉన్నదదే. ఇది కన్నడానికీ ఉంది, తెలుగుకూ ఉంది. ఇక నిడు, కల్లు కలిసినప్పుడు క గ-గా మారడం. కన్నడ వ్యాకరణంలో దీన్ని ఆదేశసంధి అంటారు; మళె, కాల కలిసి మళెగాల అయినట్లే. తెలుగులో ఉప్పు, కల్లు కలిసి ఉప్పుగల్లు అయింది. అంటే ఈ పేరులోని తొలి మాట, మలి మాట, అతుకు మూడూ రెండు భాషలకూ సొంతమే.

ఇక్కడ మేము ఒక జాగ్రత్త చెప్పాలి. దిద్దినవారి తప్పును ఎత్తిచూపే తొందరలో నిడుగల్లు అచ్చతెలుగు పేరని ప్రకటించడం మరో తప్పవుతుంది. ఈ దుర్గాన్నేలిన పాలకులు చోళవంశీయులమని చెప్పుకున్నారు. కరికాలుని పేరు, ఒరెయూరి పేరు తమ బిరుదావళిలో పెట్టుకున్నారు. వారి శాసనాల్లో ప్రధానంగా కనిపించే దేశభాష కన్నడం. లూయీ రైస్ 1904లో ప్రచురించిన కర్ణాటక శాసన సంపుటాల్లో తుమకూరు జిల్లాకు చెందిన పన్నెండో సంపుటంలో పావగడ తాలూకా శాసనాలను చూడవచ్చు. తమిళదేశపు వంశగౌరవం, కన్నడ శాసనం, తెలుగు ఇల్లు ఒకే గుట్ట కింద ఉన్న చోట పేరు ఎవరిదన్న తగవు తేలేది కాదు. తేలనవసరమూ లేదు. మనం అడగవలసిన ప్రశ్న ఒకటే: ఆ విద్యార్థి రాసిన ‘నిడుపైన కల్లు’ తెలుగు వాక్యంలో అర్థమవుతున్నదా, లేదా? మీద దుర్గం ఉందని అతనే రాశాడు. దుర్గం కల్లుకుండ మీద ఉండదు. పక్కమాటను చదివి ఉంటే సున్నా చుట్టవలసిన పని లేకపోయేది.

రెండవది దుడ్డు. కోస్తా తెలుగులో పుట్టి పెరిగినవారికి దుడ్డు అనగానే దుడ్డుకర్ర తోస్తుంది. కన్నడంలో దుడ్డు అంటే సొమ్ము. అందుచేత ఇది కన్నడమన్న తీర్పు తేలిగ్గా నోటికి వస్తుంది. కాని రాయలసీమలో కన్నడం రాని పల్లెల్లో కూడా సొమ్మును దుడ్డనే అంటారు. ఒకప్పుడు దుడ్డు ఒక చిన్న రాగినాణెం. ఆ నాణెం పేరే తరువాత మొత్తం సొమ్ముకు పేరైంది. మరి పరీక్షకులు కోరిన ‘డబ్బు’ చరిత్ర ఏమిటి? అదీ ఒకప్పటి రాగినాణెం పేరే! రెండు నాణేలూ ఒకే దారిన నడిచాయి. ఒకటి అచ్చులో చెల్లింది, మరొకటి ఇంటిమాటగా మిగిలింది. శిష్టరచనలో డబ్బు రాయమని సలహా చెప్పవచ్చు. అది శైలికి సంబంధించిన సలహా. ‘కన్నడం’ అనడం మాత్రం చరిత్ర తెలియని మాట. సలహా ఇవ్వవలసిన చోట శిక్ష వేశారు కనుక ఈ తీర్పును సగం తప్పు అంటున్నాము.

మూడవది ఊట. ఇక్కడ దిద్దినవారి పక్షాన నిలబడక తప్పదు. కన్నడంలో ఊట అంటే భోజనం. తినడాన్ని చెప్పే ‘ఉణ్ణు’ ధాతువు నుంచి వచ్చింది. తమిళంలోని ‘ఉణవు’ దీని చుట్టమే. తెలుగులో ఊట ‘ఊరు’ క్రియ నుంచి వచ్చింది. నీరు ఊరేది ఊట. ధాతువులు వేరు, అర్థాలు వేరు. చివరి రూపం మాత్రం అక్షరం తేడా లేకుండా ఒకటే. భోజనమనే అర్థంలో ఊటకు తెలుగులో చుట్టాలు లేవు. సన్నికల్లు వంటి సాక్షి ఒక్కటీ దొరకదు. పైగా పావగడ, మధుగిరి ప్రాంతాల్లో ఏటి ఇసుకలో ఊరే నీటిని కాలువ తీసి పొలాలకు పారించుకునే తలపరిగెలు ఉండేవి. అటువంటి నేల మీద తెలుగువాడికి ఊట అంటే నీళ్ళే. ఆ మాటను భోజనానికి వాడితే ఉన్న మంచి మాటకే నష్టం. ఇంట్లో అలా అనడం సహజం. రెండు భాషల ఇంట్లో మాటలు చేతులు మారుతూనే ఉంటాయి. తెలుగు వ్యాసంలో మాత్రం ‘భోజనం పెడతారు’ అనడమే ఒప్పు.

ఈ పత్రంలో సున్నా పడని మాట మరొకటి ఉంది. అదే అన్నిటికంటె ఆసక్తికరం: జాతరనాడు. కన్నడంలో ‘నాడు’ అంటే దేశం, సీమ. తెలుగులో ‘నాడు’ అంటే రోజు. పల్నాడు, వెలనాడు వంటి పేర్లలో సీమ కూడా. ఇవీ వేర్వేరు మాటలే. దినాన్ని చెప్పే ‘నాళ్’ తెలుగులో నాడుగా మారి, సీమను చెప్పే నాడుతో కలిసిపోయింది. నిడుగల్లు పాలకుల శాసనాల్లో రొద్దనాడు అన్నప్పుడు అది సీమ. జాతరనాడు అన్నప్పుడు రోజు. రూపం ఒకటే, అర్థాలు రెండు, కన్నడానికీ ఆ రూపం ఉంది. దుడ్డు మీద పడిన అనుమానం దీని మీద కూడా పడాలి కదా? పడలేదు. ఎందుకంటే ‘ఆనాడు’, ‘ఈనాడు’ దిద్దినవారికి అలవాటైన మాటలు. దీన్నిబట్టి ఆ ఎర్రసిరా కొలిచింది తెలుగుతనాన్ని కాదని, తమ ఊరి అలవాటునని తెలుస్తుంది.

ఇటువంటి చిక్కు మనకొక్కరికే ఉన్నది కాదు. ఐరోపా భాషల్లో ఇరుగుపొరుగు మాటలు చేసే ఈ మోసానికి 1928లో కెస్లెర్, డెరోకిన్యీ అనే ఇద్దరు ఫ్రెంచి రచయితలు ‘దొంగ మిత్రులు’ అని పేరు పెట్టారు. ‘బుర్రో’ అంటే ఇటలీలో వెన్న, స్పెయిన్లో గాడిద. రెండింటికీ పుట్టుక వేరు. రూపం మాత్రం కలిసింది. మన ఊట అటువంటిది. ‘గిఫ్ట్’ ఇంగ్లీషులో కానుక, జర్మనులో విషం. కాని రెండూ ‘ఇచ్చేది’ అన్న ఒకే అర్థం నుంచి పుట్టిన తోబుట్టువులు. ఒకరు పెళ్ళికి వెళ్ళారు, మరొకరు చావుకు. మన మగ, తిండి ఈ జాతివి. కన్నడంలో మగ అంటే కొడుకు. తెలుగులో పురుషుడన్న అర్థం నిలిచి, మగడు భర్త అయ్యాడు. కన్నడిగుడు పొద్దున్నే “తిండి ఆయ్తా?” అంటే ఫలహారం సంగతి అడుగుతున్నాడు, తెలుగువాడికి తిండి అంటే మొత్తం బతుకుతెరువు. గ్రీకుల ‘నె’ అవును, చెక్కుల ‘నె’ కాదు. ఒక అక్షరంతో ఒప్పందం కుదరనూ వచ్చు, చెడనూ వచ్చు. మన దగ్గర కన్నడిగుడు ఇంట్లో “అడుగె మాడు” అంటే వంట చెయ్యమని. తెలుగు చెవికి అది ‘అడుగు మాడు’గా వినిపించి పొయ్యి మీదికి చూపు పోతుంది.

ఐరోపా ఉదాహరణలకూ మనవాటికీ ఒక తేడా ఉంది. ఇటలీవాడూ స్పెయిన్‌వాడూ సాధారణంగా ఇద్దరు మనుషులు. పావగడలో కన్నడిగుడూ తెలుగువాడూ తరచుగా ఒకే మనిషి. బడిలో ఒక కల్లు, ఇంట్లో మరొక కల్లు అతనికి కొత్త కాదు. ఏ చోట ఏది పలకాలో అడగకుండానే తెలుసు. అతనికి లోపం ఉన్నదని మనం అనుకుంటున్న చోటనే నిజానికి నేర్పు ఉంది. ఆ నేర్పుకు కావలసింది పద్ధతి మాత్రమే.

పద్ధతి అంటే పెద్దదేమీ కాదు. అనుమానం కలిగిన మాటకు తెలుగులో చుట్టాలున్నాయా అని మొదట వెతకాలి: సమాసాల్లో, ఊరిపేర్లలో, పెళ్ళిమాటల్లో, వంటింటి మాటల్లో. తరువాత పొరుగు భాషల్లో దాని ధ్వని ఎలా ఉందో చూడాలి. ల, ళ తేడా ఒక్కటే చాలాసార్లు గుట్టు విప్పుతుంది. దీనికి బ్రౌను నిఘంటువు (1852), కిట్టెల్ కన్నడ నిఘంటువు (1894) పక్కపక్కన పెట్టుకుంటే చాలు. చివరగా వాక్యంలోని పక్కమాటలు ఏమంటున్నాయో వినాలి. తీర్పు ఆ తరువాత.

మైసూరు మహారాజా కళాశాలలో చిరకాలం తెలుగు బోధించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి (1893–1979) సొంతూరు అనంతపురం జిల్లా రాళ్ళపల్లి. ఆ ఊరిపేరులో రాయి ఉంది, ఈ ఊరిపేరులో కల్లు ఉంది. ఒకే సీమ తన రాళ్ళకు రెండు పేర్లూ పెట్టుకుంది. ఒకటి నిజమూ మరొకటి అబద్ధమూ అనుకోలేదు.

ఆ పత్రాన్ని మేము దిద్దవలసి వస్తే ‘ఊట’ ఒక్కదాని కింద గీత గీస్తాము. పక్కన “ఇది కన్నడం, తెలుగులో ఊట నీటిది” అని కారణం రాస్తాము. ‘దుడ్డు’ దగ్గర “సీమమాట, అచ్చులో డబ్బు ఎక్కువ వాడుక” అని రాసి మార్కు ఉంచుతాము. ‘కల్లు’ దగ్గర ఏమీ రాయము. ఆ మాట ఎక్కడుండాలో అక్కడే ఉంది.