పూతన ఒక్కతేనా పాలిచ్చేది?

మా చిన్నమ్మాయి వనపర్తి నుంచి పురిటికి గద్వాల వచ్చింది. పురుడు వెళ్ళాక బిడ్డను చూడడానికి నాగర్‌కర్నూల్ నుంచి పెద్దమ్మాయి, దాని నాలుగేళ్ళ కొడుకు వచ్చారు. ఓ మధ్యాహ్నం చిన్నమ్మాయి లోపలి గదిలో బిడ్డకు పాలిస్తూంది. మనవడు తలుపు సందులోంచి తొంగి చూసి, వంటింట్లోకి ఒక్క పరుగున వచ్చి నా కొంగు పట్టుకున్నాడు.

“అవ్వా! చిన్నమ్మ పూతననా? పాలల్ల విషం ఉంటదా?”

నాకు నవ్వాగలేదు. కానీ వాడి ముఖం చూసేసరికి ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. వాడి భయం నిజమైన భయం. క్రితం వారమే టీవీలో కృష్ణుడి బొమ్మల కథ చూశాడట. వాడికి తెలిసినంతలో బిడ్డను ఒడిలో వేసుకుని పాలిచ్చిన ఆడది ఈ లోకంలో ఒక్కతే. ఆవిడ రాక్షసి!

ఆ మర్నాటి నుంచి వాడి పక్కన కూర్చుని నేనూ టీవీ చూడడం మొదలుపెట్టాను. “అమ్మకు ఈ వయసులో బొమ్మల పిచ్చి పట్టింది” అని కూతుళ్ళు నవ్వుకున్నారు. నవ్వుకోనీండి. నేను చూసింది చెబుతాను, మీరే తేల్చండి.

టామ్ అండ్ జెర్రీని మన పిల్లలే కాదు, మనమూ చూసి పెరిగాం. 1946 నాటి ఒక కథలో బుల్లి ఎలుకపిల్ల నిబుల్స్ బుట్టలో జెర్రీ గుమ్మం ముందు ప్రత్యక్షమవుతుంది. కన్నదెవరో ఎవరూ అడగరు. 1943 నాటి ఇంకో కథలో ఓ చిన్నపిల్ల టామ్‌ను పసిబిడ్డలా ముస్తాబు చేస్తుంది. నెత్తిన టోపీ, నడుముకు గుడ్డ, నోట్లో పాలసీసా! ఇక 1941లో వచ్చిన డంబో సినిమాలో పిల్లల్ని కొంగలు మోసుకొస్తాయి. 2017 నాటి బాస్ బేబీలో అయితే ఫ్యాక్టరీలో అప్పడాలు వచ్చినట్టు పిల్లలు వరసగా దొర్లుకుంటూ వస్తారు. బొమ్మలు చక్కగానే ఉన్నాయి, నవ్వూ వస్తుంది. కానీ పసిబిడ్డ అనగానే పక్కన సీసా ఉండాలని ఇవన్నీ కలిసి పిల్లల బుర్రలో అచ్చు వేసేశాయి.

“అవన్నీ పరాయి దేశపువి, మనవి అలా ఉండవు” అంటారేమో. మనవీ చూశాను. పాయసం తాగితే పిల్లలు, కుండల్లో పిల్లలు, నాగేటి చాలులో పిల్ల. పురాణాల్లో ఉన్నదే చూపించారు, కాదనను. కాన్పు ఉంటే తెర అవతలి నుంచి ఓ కేక, పైనుంచి పూలవాన, అంతే. పురిటిగది చూపించమని నేనూ అడగను. మన మర్యాదలు మనకున్నాయి. కానీ పాలివ్వడానికి ఏం మర్యాద అడ్డొచ్చింది? పూతన పాలివ్వడం చూపించడానికి రాని సిగ్గు యశోద దగ్గరకు వచ్చేసరికి ఎందుకొచ్చింది? ఆవిడ చేతిలో ఎప్పుడూ వెన్నముద్దే!

నిజానికి భాగవతం దశమ స్కంధంలో ఎంత చక్కని ఘట్టం ఉందో మీకు తెలుసు. యశోద పెరుగు చిలుకుతుంటే కృష్ణుడు పాలకోసం వస్తాడు. ఒడిలోకి తీసుకుని పాలిస్తుంది. ఇంతలో పొయ్యిమీద పాలు పొంగుతాయి. బిడ్డను దించి పరుగెత్తుతుంది. పిల్లాడికి కోపం వచ్చి కుండ పగలగొడతాడు. రోలుకు కట్టేయడం ఆ తర్వాతి సంగతి. మనలో మాట, చంటిబిడ్డతో వంట చేసిన ఏ ఆడదానికి ఆ అవస్థ తెలీదు? నేను చూసిన బొమ్మల్లో కుండ పగలడం ఉంది, రోలు ఉంది, తాడు ఉంది. పాలు మాత్రం లేవు. పాలిచ్చినందుకు పూతనకు సైతం కృష్ణుడు మోక్షమిచ్చాడన్న సంగతీ లేదు.

పూర్వం పిల్లలకు ఇవన్నీ ఎవరూ చెప్పక్కర్లేదు. దొడ్లో గేదె ఈనేది. మేకపిల్ల తల్లి పొదుగు కుమ్మేది. పనికి వెళ్ళిన పాలమూరు తల్లి చెట్టుకు చీర ఉయ్యాల కట్టి, నడుమ నడుమ వచ్చి బిడ్డకు పాలిచ్చి వెళ్ళేది. మన జిల్లాలోనే అలంపురం మ్యూజియంలో లజ్జాగౌరి శిల్పం ఉంది. తలకు బదులు తామరపువ్వు, ప్రసవానికి సిద్ధమైన భంగిమ. చాళుక్యుల కాలం నాటి శిల్పి పుట్టుకను దేవతగా చెక్కితే, మన కాలపువాళ్ళు కొంగ ముక్కుకు తగిలించారు.

“బొమ్మలే కదమ్మా, ఇంత రాద్ధాంతమా?” అనకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే. దేశంలో ఇదే ఎక్కువ. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 40 మంది కూడా లేరు. ఇది టీవీ చేసిన పాపమని నేననను. ఆపరేషన్ నొప్పి ఉంది, పెద్దవాళ్ళ అపోహలు ఉన్నాయి. ఆవు ఈనితే జున్నుపాలకోసం ఇంటింటికీ గిన్నె పట్టుకు తిరిగే మనమే, తల్లి ముర్రుపాలు బిడ్డకు పడవని పిండి పారబోయించిన రోజులున్నాయి. కానీ ఏ పిల్లయితే పాతికేళ్ళు సీసానే చూసి పెరిగిందో, ఆ పిల్ల మొదటిరోజు బిడ్డ ఏడవగానే దేనికోసం చెయ్యి చాస్తుంది?

డబ్బాపాలకూ పాలసీసాలకూ ప్రకటనలు ఉండకూడదని మన దేశం 1992లో చట్టం చేసింది. 2003లో ఇంకా బిగించింది. మంచిదే. అయితే అమ్మేవాడు లేని ప్రకటనను ఏ చట్టం ఆపుతుంది?

పాలు పడని తల్లులు, ఉద్యోగానికి పరుగెత్తక తప్పని తల్లులు నొచ్చుకోకండి. సీసా పట్టినంత మాత్రాన తల్లి ప్రేమ తగ్గదు. సీసాను తెరమీంచి తీసేయమనడం లేదు. దాని పక్కన అమ్మ ఒడిని కూడా ఉండనివ్వమంటున్నాను.

చెయ్యలేని పనేమీ కాదిది. అమెరికాలో పిల్లల కార్యక్రమం సెసమీ స్ట్రీట్‌లో 1977లోనే గాయని బఫీ సెయింట్ మేరీ తన బిడ్డకు పాలిస్తూ, పక్కనే నిలబడ్డ పెద్ద పసుపు పక్షి ప్రశ్నలకు నెమ్మదిగా జవాబు చెప్పింది. 1989లో అదే కార్యక్రమంలో మరియా పాత్ర బిడ్డను కన్నది. అలా మామూలుగా చూపించారు, అంతే.

మనకు పసుపు పక్షి లేకపోతే ఏం, అవ్వలున్నారు. ఆ రాత్రే మనవడిని పక్కలో వేసుకుని యశోద కథ చెప్పాను. పాలు పొంగిన చోటుకు వచ్చేసరికి వాడు లేచి కూర్చున్నాడు. ఏదో ఆలోచించాడు గానీ ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున చూద్దును కదా, చిన్నమ్మ గది గుమ్మంలో పీట వేసుకుని వీడు కాపలా కూర్చున్నాడు. ఓ కన్ను వంటింటి పొయ్యి మీద.

“నువ్వు లేవకు చిన్నమ్మా! పాలు పొంగితే నేను అవ్వను పిలుస్త.”