రేలా జట్లు, కీబోర్డు జంటలు: యుగళగీతంలో జవాబు స్వరూపం

యుగళగీతాన్ని సాహిత్య విమర్శ సాధారణంగా స్త్రీపురుషుల సంభాషణగా పరిగణిస్తుంది. రెండు గొంతులు పాదాలను వంతులవారీగా పంచుకుంటే సంభాషణ అవుతుందా, రెండో గొంతుకు జవాబును మార్చుకునే వీలుంటేనే అవుతుందా అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులోని కోయల రేలా పాట ఇందుకు గీటురాయి కాగలదు.

రేలా పాట సామూహికం. చేతులు పెనవేసుకొని నిలిచిన జట్టులో ఒకరు ఎత్తుకున్న పాదాన్ని తక్కినవారు అందుకుంటారు. సందర్భాన్ని బట్టి పాదాలు పెరుగుతాయి, తరుగుతాయి. ఎదుటివారి ఎత్తిపొడుపుకు అప్పటికప్పుడు కొత్త పాదం కట్టవచ్చు. పాటను ఎక్కడ ఆపాలన్నది కూడా పాడేవారి ఇష్టమే.

సింథసైజర్ ఆధారిత యుగళగీతంలో కాలం ముందే నిర్ణీతం. 1983లో మిడి ప్రమాణం వచ్చాక కీబోర్డులనూ లయయంత్రాలనూ ఒకే గణనకు బిగించడం సులువైంది. తెలుగు సినిమాలో ఆ ధ్వనికి ఆదరణ తెచ్చినవారిలో రాజ్–కోటి ముఖ్యులు, అనంతరకాలంలో ఎ.ఆర్. రెహమాన్‌గా ప్రసిద్ధుడైన దిలీప్ వారి వద్ద కీబోర్డు వాయించారు. వారు స్వరపరచిన ‘యముడికి మొగుడు’ (1988) వంటి చిత్రాల యుగళగీతాల్లో పల్లవికీ చరణానికీ మధ్య వాద్యఖండం నిలుస్తుంది. రేలాలో ఎదుటి జట్టు జవాబు వెతుక్కునే వ్యవధి ఇక్కడ వాద్యానికి దక్కింది. పైగా బహుళ ట్రాకుల ముద్రణలో గాయనీగాయకులు ఒకేచోట ఉండనక్కరలేదు. వినిపించే సంభాషణ నిజానికి కూర్పు ఫలితం.

అయితే దీనిని నష్టంగా మాత్రమే లెక్కించడం న్యాయం కాదు. జట్టు పాటలో స్త్రీ గొంతు సమూహంలో కలిసిపోతుంది. మైకుకు దగ్గరగా పాడిన ఎస్. జానకి గొంతులో ఊపిరి, నవ్వు, తటపటాయింపు సైతం అర్థాన్నిస్తాయి. ఒక స్త్రీ తనదైన గొంతుతో వినబడటం ఈ సాంకేతికత ఇచ్చిన లాభం; ఆ గొంతు ఏమనాలో ముందే నిర్ణయమై ఉండటం దాని పరిమితి.

నేడు యూట్యూబ్‌లో వెలువడుతున్న కీబోర్డు జానపద యుగళగీతాలను ఈ రెండింటి వెలుగులో చదవాలి. పాదాలు చెరిసగం వచ్చాయన్నంతమాత్రాన సమానత్వం సిద్ధించదు. పల్లవి ఎవరు ఎత్తుకున్నారు, స్త్రీ చరణం కొత్త విషయం చెబుతోందా, పురుషుడి ప్రాసను పూరిస్తోందా అన్నవి పరిశీలించాలి. ఆ పరిశీలన లేకుండా ఈ పాటలను జానపదానికి పట్టిన క్షీణతగా కొట్టివేయడం ఎంత తొందరపాటో, ఆధునికతగా మెచ్చుకోవడమూ అంతే తొందరపాటు.