రంగు వదిలి ముక్కు చూడండి

సూరత్‌లోని మా నవాగామ్‌లో సాంచాల (మరమగ్గాల) మీద బతికే తెలుగువాళ్లకు కొంగ కొత్తేమీ కాదు. ఊళ్లో చెరువు గట్టున చూసిందే. కానీ సూరత్ దాటి డుమస్ తీరానికి వెళ్లి నిలబడితే, నల్లటి ఆ ఇసుకలో బూడిదనలుపు కొంగ ఒకటి కనిపిస్తుంది. వెస్టర్న్ రీఫ్ ఎగ్రెట్ అంటారు. నేను సముద్రపు కొంగ అంటాను. గొంతు దగ్గర మాత్రం తెల్లగా ఉంటుంది. దాన్ని గుర్తుపట్టడానికి ఏ విద్యా అక్కర్లేదు. చిక్కంతా దాని పక్కన నిలబడ్డ తెల్లకొంగతోనే.

సముద్రపు కొంగల్లో తెల్లవీ ఉన్నాయి. ఆడమగ తేడా కాదు, వయసు తేడా కాదు, పుట్టుకతో వచ్చే రంగు. కాబట్టి ఆ తెల్లది నల్లదాని జాతే కావచ్చు, మన చెరువుల్లోని చిన్న తెల్లకొంగ కూడా కావచ్చు. ఎత్తులో రెండూ దాదాపు సమానం.

పక్షులు చూసే పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘడియ ఇదే. బట్టను రంగు చూసి కాక పోగు పట్టుకుని చెప్పే నేతగాడిలా చూడాలి. చిన్న తెల్లకొంగ ముక్కు సన్నగా, నల్లగా, సూటిగా ఉంటుంది. సముద్రపు కొంగది కాస్త లావు, పసుపు కలిసిన గోధుమ రంగు, కొస కొద్దిగా కిందికి వంగుతుంది. తర్వాత కాళ్లు. చిన్నదానికి నల్లటి కాళ్ల కింద పసుపు పాదాలు, మేజోళ్లు తొడిగినట్టు తేటగా తెలుస్తాయి. సముద్రపు కొంగకు ఆ పసుపు పాదం దగ్గరే ఆగదు, పైకి పాకుతుంది. గూళ్ల కాలంలో రంగులు మారతాయి గనుక, నేనైతే ముక్కు లావునే ఎక్కువ నమ్ముతాను.

ఇంతా చూశాక కూడా తేలని పక్షులున్నాయి. ఈ రెండు జాతులూ అప్పుడప్పుడు జతకడతాయి. ఒకప్పుడు కొందరు శాస్త్రవేత్తలు రెండిటినీ ఒకే జాతిగా లెక్కించారు కూడా.

అయినా ఈ తేడా పట్టించుకోవాలి. చిన్న తెల్లకొంగ చెరువైనా, పొలమైనా, మురుగుకాలువైనా సర్దుకుంటుంది. సముద్రపు కొంగకు చాలావరకు పోటుపాట్ల తీరమే దిక్కు. తెల్లగా కనిపించిన ప్రతిదాన్నీ చిన్న తెల్లకొంగ ఖాతాలో వేస్తే, తీరం చెడి సముద్రపు కొంగ తగ్గినా మన లెక్కల్లో అది కనిపించదు.

ఈసారి డుమస్ వెళ్లినప్పుడు కాసేపు ఆగి ముక్కూ కాళ్లూ చూడండి. తేలకపోతే ఊహించి పేరు రాయకండి. రెండిటిలో ఏదో ఒకటి అని నమోదు చేసే వీలు పక్షుల లెక్కలు రాసే ఈబర్డ్‌లో ఉంది, దాన్నే వాడండి.